వానలో గుడారం లోపలికి తడి: నా అనుభవం

నేనూ నా మిత్రుడూ కారులో ఒక జాతీయ ఉద్యానవనం గుండా సాగించిన ప్రయాణంలో మూడు రోజులు వాన వదలలేదు. మొదటి రాత్రి గడిచేసరికి పడక సంచులు తడిసి ఉండటంతో, పైకప్పు కారుతోందని భావించి మిత్రుడు కుట్ల వెంట జిగురు పూయబోయాడు. నేను ఆపి, చేత్తో తడిమి చూడగా కుట్లన్నీ పొడిగానే ఉన్నాయి. నేలా, పక్క గోడలూ మాత్రమే తడిగా తగిలాయి.

కారణాలు రెండని తేలింది. కింద పరచిన టార్పాలిన్ గుడారం అంచు దాటి జానెడు బయటికి ఉన్నందువల్ల, పైనుంచి జారిన వాననీరు దానిపై పడి నేరుగా గుడారం అడుగుకు చేరి, మా బరువుకు గుడ్డలోంచి పైకి ఊరింది. రెండవది మా ఊపిరే. వాన భయంతో గాలి కిటికీలన్నీ మూసివేయగా, శ్వాసలోని ఆవిరి చల్లని గోడలకు తగిలి నీరుగా మారింది; దీనినే గుడారం కారడంగా పొరబడటం చాలా సులభం.

టార్పాలిన్ అంచులను గుడారం అంచు కంటే 5 సెంటీమీటర్లు లోపలికి ఉండేలా కిందికి మడిచాము. గుడారం పైకప్పు, దాని కింద ఉండే లోపలి గుడ్డను తాకకుండా తాళ్లు బిగించి (తడిస్తే నైలాన్ సాగుతుంది కనుక పడుకునే ముందు మరొకసారి బిగించాలి), ఎదురెదురు కిటికీలను కొద్దిగా తెరిచి ఉంచాము. తడి బట్టలను కారులోనే వదిలాము. రెండవ రాత్రి అంతకంటే పెద్ద వాన కురిసినా పడక సంచులు పొడిగానే ఉన్నాయి.