జ్వరం లేదు, సీఆర్‌పీ మాత్రం ఎక్కువ: ఎందుకు, ఏం చేయాలి?

సమస్య: పొద్దున లేవగానే ఒళ్లంతా పట్టేసినట్టు ఉంటుంది, కాస్త తిరిగితే సర్దుకుంటుంది. మధ్యాహ్నానికి నీరసం. రక్తపరీక్ష చేయిస్తే సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) ఎక్కువ. కర్నూలు బట్టల దుకాణాల్లో గల్లాపెట్టె ముందు పొద్దస్తమానం కూర్చునేవారికి ఈ వరస కొత్తేమీ కాదు.

ముందు అంకె చూడండి. హెచ్‌ఎస్-సీఆర్‌పీ (సీఆర్‌పీని సూక్ష్మంగా కొలిచే పరీక్ష) లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే గుండెకు ముప్పు తక్కువ, 3 దాటితే ఎక్కువ. 10 దాటిందంటే ఏదో ఇన్ఫెక్షన్ ఉందేమో వెతకాలి. అది తగ్గిన రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించాలి. చిగుళ్ల జబ్బు, సిగరెట్టు కూడా ఈ అంకెను పెంచుతాయి.

కారణం: అవేవీ లేకపోతే పొట్టను అనుమానించండి. పేగుల చుట్టూ చేరిన కొవ్వులో మాక్రోఫేజ్ అనే రక్షణ కణాలు తిష్ఠవేసి టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే వాపు పెంచే రసాయనాలను వదులుతుంటాయి. ఐఎల్-6 అందగానే కాలేయం సీఆర్‌పీ తయారుచేస్తుంది. లోలోపలి వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఇలా సన్నగా సాగుతూనే ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, పని చేస్తున్న కండ కూడా ఐఎల్-6నే వదులుతుంది. కాకపోతే కాసేపే. ఆ వెనకే వాపును అణిచే ఐఎల్-10 పెరుగుతుంది, టీఎన్‌ఎఫ్ తగ్గుతుంది. కండ నుంచి వచ్చే ఇలాంటి రసాయనాలకు కోపెన్‌హేగన్ పరిశోధకులు 2003లో మయోకైన్‌లని పేరు పెట్టారు. కదలని కండ నుంచి ఈ మందు రాదు. జొన్నరొట్టె తింటున్నాం కదా అనే ధీమా ఇక్కడ పనికిరాదు. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా సరే, నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాల్సిందే.

పరిష్కారం: వారానికి 150 నుంచి 300 నిమిషాల చురుకైన నడక, రెండు రోజులు కండకు బలమిచ్చే వ్యాయామం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ఇది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పొద్దున ఆరు గంటల లోపే నడక ముగించడం మేలు. దుకాణంలో అరగంటకోసారి లేవండి, బట్టల తాను తెమ్మని కుర్రాణ్ని పంపకుండా మీరే వెళ్లండి. మోకాళ్లు నొప్పిగా ఉంటే కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా లేచి కూర్చోవడంతో మొదలుపెట్టండి. నెల తిరక్కుండానే పరీక్షకు పరుగెత్తకండి, నడుము కొలత తగ్గినప్పుడే సీఆర్‌పీ బాగా దిగుతుంది.

రోజూ నొప్పి మాత్ర మింగడం మాత్రం పరిష్కారం కాదు. అది కడుపును పాడుచేస్తుంది. వేసవిలో ఒంట్లో నీరు తగ్గినప్పుడైతే కిడ్నీలకే ఎసరు పెడుతుంది.

పొద్దుటి బిగుతు గంట దాటినా, వేళ్ల కీళ్లు వాచినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా ఇది కూర్చోవడం వల్ల వచ్చిన బాధ కాకపోవచ్చు. కీళ్లవాతం ఉందేమో తేల్చడానికి ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ-సీసీపీ పరీక్షల గురించి డాక్టరును అడగండి.