లేని చెయ్యి నొప్పికి, స్ట్రోక్‌తో పడిపోయిన చేతికి మిర్రర్ థెరపీ ఎలా చేయాలి?

చెయ్యి తీసేశాక కూడా ఆ లేని చేతి పిడికిలి బిగుసుకుపోయి గోళ్ళు అరచేతిలో దిగుతున్నట్టు నొప్పొస్తుంది అంటే ఇంట్లోవాళ్ళే నమ్మరు, కానీ అది నిజం నొప్పే, ఫాంటమ్ లింబ్ పెయిన్ అంటారు. 1990ల్లో వి.ఎస్. రామచంద్రన్ అనే న్యూరోసైంటిస్ట్ దీనికి మామూలు అద్దం పెట్టి చూశారు, బాగున్న చేతిని అద్దంలో చూపించి అవతలి చెయ్యే కదులుతోందని మెదడుకి అనిపించేలా చేయడం, దీన్నే మిర్రర్ థెరపీ అంటారు. 1999లో స్ట్రోక్ వచ్చినవాళ్ళ మీద కూడా ట్రై చేశారు.

ముందు ఫిజియోథెరపిస్ట్‌తో ఒక్కసారి మాట్లాడండి. తర్వాత చెయ్యి మొత్తం కనపడేంత అద్దం తీసుకుని టేబుల్ మీద అద్దం అంచు ఛాతీ వైపు ఉండేలా రెండు చేతుల మధ్యలో నిలువుగా పెట్టండి, మెరిసే వైపు బాగున్న చెయ్యి, వెనక్కాల పడిపోయిన చెయ్యి లేదా తీసేసిన భాగం, అది కంటికి అస్సలు కనపడకూడదు. వాచీ, ఉంగరాలు, గాజులు తీసేయండి, లేకపోతే అద్దంలో కనిపించేది నా చెయ్యి కాదులే అని మెదడు పట్టేస్తుంది 😄. కాలుకైతే పొడుగు అద్దం రెండు కాళ్ళ మధ్య పెట్టుకోవాలి.

మొదట కదపకుండా ఒకట్రెండు నిమిషాలు అద్దంలోకే చూడండి. అది అవతలి చెయ్యే అనిపించడం మొదలయ్యాక మెల్లగా పిడికిలి మూసి తెరవండి, మణికట్టు తిప్పండి, వేళ్ళు ఒక్కొక్కటే బొటనవేలికి ఆనించండి. అదే టైమ్‌లో వెనకున్న చెయ్యి కూడా అలాగే చేస్తోందని అనుకోండి, స్ట్రోక్ అయితే అది కదిలినంత కదపండి, కదలకపోయినా పర్లేదు. లేని చెయ్యి బిగుసుకుపోయి ఉంటే బాగున్న చేతిని కూడా అలాగే బిగించి చాలా నిదానంగా విప్పండి. నన్నడిగితే కష్టం చేతులు కదపడంలో లేదు, అంతసేపూ చూపు పక్కకి పోకుండా కూర్చోవడంలో ఉంది.

రోజూ 15 నిమిషాలు, కనీసం 4 వారాలు. ఈ లెక్క ఊరికే చెప్పట్లేదు, 2007లో అమెరికాలో కాలు పోయినవాళ్ళతో ఇలాగే చేయించారు, కొందరికి నిజం అద్దం, కొందరికి గుడ్డ కప్పిన అద్దం. నిజం అద్దం చూసినవాళ్ళందరికీ నొప్పి తగ్గింది, గుడ్డ కప్పిన వాళ్ళలో కొందరికి పెరిగింది కూడా. చిన్న స్టడీనే, అందుకని మీకూ గ్యారంటీ అని అనలేను.

తల తిరిగినా, ఏడుపొచ్చినా, నొప్పి పెరిగినా వెంటనే ఆపేయండి, కొందరికి మొదట్లో అలా అవుతుంది, మర్నాడు రెండు మూడు నిమిషాలతో మొదలెట్టొచ్చు. స్ట్రోక్ తర్వాత తమకి ఒక పక్క ఉన్నదాన్ని అస్సలు గమనించలేని వాళ్ళకి మాత్రం ఒంటరిగా చేయించకండి.