పాఠం 5: ఫోన్ తీసేశాక అన్నం మానేస్తే

పోయిన పాఠంలో, ఏడాది దాటిన పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు చూపించే ఫోన్ తీసేయమన్నాను. తీసేశారు. చాలా ఇళ్లలో జరిగింది ఒకటే: మొదటి పూట ఏడుపు, రెండో పూట మూతి బిగింపు, మూడో పూటకి నానమ్మకి టెన్షన్, నాలుగో పూటకి మళ్లీ ఫోన్. ఆ నాలుగు పూటలు ఎలా గడపాలో నేను ముందే చెప్పాల్సింది. అందుకే బిడ్డ చేతికి చెంచా ఇచ్చే పాఠం ఇవాళ పక్కన పెట్టి ఇదే చెబుతాను.

ముందు ఒక లెక్క. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికల్లా సుమారు తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదిస్తే ఆకలీ తగ్గుతుంది. "పది నెలలప్పుడు గిన్నె ఖాళీ చేసేవాడు, ఇప్పుడు నాలుగు ముద్దలకే లేస్తున్నాడు" అని కంగారు పడుతున్నారు కదా, ఆ నాలుగు ముద్దలే వాడి ఆకలి. బొమ్మలు చూస్తూ మింగిన గిన్నెడన్నం ఆకలేసి తిన్నది కాదు.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది మన పని. ఎంత తినాలన్నది బిడ్డ పని. ఇరవై నిమిషాలు చూసి, కోప్పడకుండా కంచం తీసేయండి. మళ్లీ రెండున్నర, మూడు గంటలకి పెట్టండి. మధ్యలో మంచినీళ్లు మాత్రమే.

మధ్యలో ఏమీ వద్దంటే అందరూ బిస్కెట్లు ఆపుతారు, పాలు ఆపరు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అన్నం వద్దన్న అరగంటకి "పోనీ, పాలైనా తాగనీ" అంటారు. మా పెద్దమ్మాయికి పదహారు నెలలప్పుడు నేనూ అదే చేశాను. నాలుగో రోజుకి కంచం కింద పెట్టగానే ఒక చేత్తో దాన్ని తోసేసి, రెండో చేత్తో పొయ్యి మీది పాలగిన్నె చూపించింది. దానికి పాఠం వచ్చేసింది: అన్నం తోస్తే పాలొస్తాయి. రోజుకి మూడుసార్లు 200 మి.లీ. అంటే 600. ఏడాది దాటిన బిడ్డకి పశువుల పాలు 500 మి.లీ. దాటకూడదు. పాలలో ఐరన్ దాదాపు ఉండదు. కడుపు పాలతోనే నిండితే రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది, ఆకలి చచ్చిందని మనం మళ్లీ పాలే పడతాం. పాలు మానేయమనడం లేదు. వాటికీ ఒక వేళ పెట్టండి, అన్నానికి బదులుగా మాత్రం ఇవ్వకండి. తల్లిపాలు తాగే పిల్లలకి రెండేళ్లు, ఆ తర్వాత కూడా ఇవ్వొచ్చు, కాకపోతే అన్నం తిన్నాక.

ఇక బిడ్డ తన చేత్తో తినడం. నేనైతే పప్పన్నం నెయ్యి వేసి కాస్త గట్టిగా కలిపి, చిన్న చిన్న గోరుముద్దలు చేసి కంచం అంచున పెడతాను. బిడ్డ చూస్తుండగా ఒకటి నేను తింటాను. ఇడ్లీ ముక్క, మెత్తగా ఉడికిన చిలగడదుంప, అరటిపండు కూడా బాగుంటాయి. పల్లీలు, ద్రాక్షపండు ఉన్నవి ఉన్నట్టుగా ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. కింద పాత చీర పరవండి. సగం దాని మీదే పడుతుంది, పడనివ్వండి.

బిడ్డ నీరసంగా పడుకునే ఉన్నా, మూత్రం తగ్గినా, తూకం పడిపోతున్నా ఈ పాఠం ఆపి పిల్లల డాక్టరుకి చూపించండి.

అభ్యాసం: ఐదు రోజులు. అన్నం దగ్గర "తిను", "ఇంకొక్క ముద్ద", "ఆ అను" అనే మాటలు ఇంట్లో ఎవరూ అనకూడదు, తాతయ్యతో సహా. కష్టమే, అయినా చేయండి. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా బిడ్డ నోట్లోకి వెళ్లిన ప్రతిదీ, తాగిన పాలు మి.లీ. లెక్కలో, ఒక కాగితం మీద రాయండి. వచ్చే పాఠానికి ఆ కాగితం దగ్గర పెట్టుకుని కూర్చోండి. చెంచా ఏ పూట ఇవ్వాలో అందులోంచే తేలుస్తాం.