మిద్దెతోటలో మట్టి ముందు, తేనెపెట్టె చివర

సొంత కూరగాయలు, సొంత తేనె, చిన్నాచితకా నలతకు ఇంట్లోనే మందు. ఈ మూడూ కావాలనుకునేవాళ్ళలో చాలామంది ముందుగా తేనెపెట్టె కొంటారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది మరి. పూలు లేని మిద్దె మీద ఆ పెట్టె రెండు మూడు నెలల్లో ఖాళీ అవుతుంది. హైదరాబాద్ ఎండలకు, వానలకు సరిపోయే వరుస వేరు: ఏప్రిల్‌లో ఎరువు డ్రమ్ము, జూన్‌లో విత్తనం, దసరా దాటాక చలికాలపు కూరలు, పూలు, ఆ తర్వాత నవంబరులో పెట్టె. మందు మొక్కలు మధ్యలో ఎప్పుడైనా ఇముడుతాయి.

ఒక లెక్క ముందే చెప్పుకోవాలి. రెండు వందల గజాల ఇంటి డాబా మీద నలుగురికి ఆకుకూరలు, పచ్చిమిర్చి, కరివేపాకు దాదాపు ఏడాదంతా వస్తాయి. వంకాయ, టమాటా, బెండ వాటి కాలంలో వస్తాయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కొనుక్కోవాల్సిందే. ఇది తెలియక దిగినవాళ్ళే మొదటి ఎండాకాలానికి మొక్కలు పెంచే సంచులు అటక మీదికి ఎక్కిస్తారు.

బరువు, మట్టి

మనుషులు తిరిగే డాబా స్లాబుకు ఇంజినీర్లు లెక్కగట్టే అదనపు బరువు చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు ఉన్న సంచిలో 22 లీటర్ల మట్టి పడుతుంది, తడిస్తే 22 నుంచి 25 కిలోలు తూగుతుంది. 15 అంగుళాలదైతే దానికి రెట్టింపు. అందుకని చదరపు మీటరుకు చిన్న సంచులు నాలుగు దాటనివ్వకండి, పెద్దవి పిట్టగోడ వెంబడి, కింద దూలాలు ఉన్నచోట పెట్టండి. ఏ సంచీ నేరుగా స్లాబు మీద కూర్చోకూడదు. ఇనుప స్టాండు మీదో ఇటుకల మీదో నాలుగు అంగుళాలు ఎత్తులో ఉంటే కింద గాలి ఆడుతుంది, చెమ్మ పట్టదు, ఊడ్చుకోవడానికి చీపురు దూరుతుంది.

మట్టి పాళ్ళు: ఎర్రమట్టి రెండు తట్టలు, మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు ఒక తట్ట, కొబ్బరిపొట్టు ఒక తట్ట. 22 లీటర్ల సంచికి వంద గ్రాముల వేపపిండి. నల్లరేగడి వద్దు. వానకు ముద్దయి, ఎండకు పగిలి వేర్లను తెంపుతుంది. కొబ్బరిపొట్టు ఐదు కిలోల దిమ్మె నానితే 65, 70 లీటర్లు అవుతుంది. దాన్ని రెండుసార్లు నానబెట్టి పిండి, ఆ నీళ్ళు పారబోయాలి, లేకపోతే అందులోని ఉప్పు మొలకల అంచులను మాడ్చేస్తుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది పశువుల ఎరువు దగ్గర. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, పిడికిట్లో నలిపితే టీపొడిలా రాలుతుంది. పచ్చి ఎరువు వేస్తే వేడికి మొలకలు చస్తాయి. పైగా అందులో వంకర తిరిగి పడుకునే తెల్లటి లావు వేరుపురుగులు వస్తాయి. మొక్క పైకి బాగానే ఉండి ఒక్కరోజులో వాలిపోయిందంటే సంచి బోర్లించి చూడండి, అవే ఉంటాయి. మిశ్రమం కలిపాక తడిపి, గోనె కప్పి, పదిహేను రోజులు వదిలేసి ఆ తర్వాతే విత్తనం వేయాలి. సరిగ్గా కుదిరిందో లేదో చెయ్యే చెబుతుంది. పిడికెడు తీసి గట్టిగా నొక్కితే ఉండ కట్టాలి, బొటనవేలితో తాకితే విడిపోవాలి. నీళ్ళు కారితే పొట్టు ఎక్కువైంది. ఉండ విడిపోకుండా నిలిస్తే మట్టి ఎక్కువైంది.

వంటింటి చెత్తకు యాభై లీటర్ల డ్రమ్ములు రెండు చాలు. పక్కలకు, అడుగున బెజ్జాలు పెట్టి, తడి చెత్త ఒక పాలు, ఎండుటాకులు రెండు పాళ్ళ చొప్పున పొరలుగా వేయాలి. ఒకటి నిండి మాగుతుంటే రెండోది నింపుతారు. రెండు రెండున్నర నెలలకు ఎరువు చేతికొస్తుంది. కుళ్ళు కంపు వస్తే తడి ఎక్కువైనట్టు, ఎండుటాకులు కలిపి తిరగేయండి. గోధుమరంగు పెద్ద పురుగులు లుకలుకలాడుతుంటే కంగారు పడొద్దు, అవి చెత్తను తినే ఈగ పిల్లలు, మొక్కల జోలికి రావు. పాలు, నూనె, మిగిలిన అన్నం మాత్రం వేయకండి, ఎలుకలు మరుగుతాయి.

విత్తనాలు, నీళ్ళు

నాంపల్లిలో చేప ప్రసాదం పంచే రోజులకల్లా, అంటే మృగశిర కార్తెకు, సంచులు సిద్ధంగా ఉండాలి. అప్పుడు వేయదగ్గవి బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, సొర, తోటకూర, పుంటికూర, గంగవాయిలి. వంగ, మిర్చి, టమాటా నారు పోసుకుని 25, 30 రోజులకు మార్చాలి. పాలకూర, మెంతి, కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ అక్టోబరు తర్వాతే. చిక్కుడు పగలు కురచయ్యే కాలంలో పూస్తుంది. వేసంగిలో వేస్తే తీగ పందిరంతా పాకుతుంది, కాయ మాత్రం ఉండదు.

కొత్తిమీర మొలవలేదని బాధపడేవాళ్ళు రెండు సంగతులు చూసుకోవాలి. ధనియాన్ని చెప్పుకాలితో మెల్లగా రుద్ది రెండు బద్దలు చేశారా, రాత్రంతా నానబెట్టారా. ఇవి చేసినా ఏప్రిల్‌లో వేస్తే నాలుగు ఆకులకే పువ్వు ఎత్తుతుంది, అది ఎండ తప్పు.

ఆకుకూరలకు ఎనిమిది అంగుళాల లోతు, రెండడుగుల పొడవున్న తొట్లు నాలుగు పెట్టుకుని, పది రోజులకొకటి చొప్పున విత్తండి. నాలుగో తొట్టి మొలిచేసరికి మొదటిది కోతకు వస్తుంది. అన్నీ ఒకేరోజు విత్తితే ఒక వారం ఇంటిల్లిపాదికీ తోటకూరే, తర్వాత మూడు వారాలు మార్కెట్టే. తోటకూరను పీకకుండా రెండంగుళాలు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

నీళ్ళ సంగతి వేలితో తేలుతుంది. రెండు కణుపుల లోతు గుచ్చితే తడి తగలకపోతేనే పోయాలి, అదీ పొద్దున్నే. ఏప్రిల్, మే నెలల్లో రెండు పూటలూ పోసి, 50 శాతం నీడనిచ్చే వల కట్టాలి. ఉప్పు బోరు నీళ్ళు పోస్తే సంచుల అంచున తెల్లటి పెచ్చు కడుతుంది, లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా తిరుగుతాయి. వానాకాలంలో ఆ ఉప్పు దానంతటదే కొట్టుకుపోతుంది. మిగతా రోజుల్లో వీలైతే బోరుకు బదులు మంచినీటి కుళాయి నీళ్ళు పోయండి. ఆర్వో మిషన్ వదిలే నీళ్ళు ఇంకా ఉప్పన, వాటిని బాత్రూములు కడగడానికే ఉంచండి.

సంచుల కింద పళ్ళేలు పెడితే వారానికొకసారి బోర్లించి ఆరబెట్టాలి. డెంగీ దోమకు గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా పది రోజులు చాలు.

బలానికి జీవామృతం. ఇరవై లీటర్ల నీళ్ళకు కిలో ఆవుపేడ, ముప్పావు లీటరు ఆవు పంచితం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, పిడికెడు పుట్టమన్ను. నీడలో ఉంచి రోజూ రెండుసార్లు కలియబెట్టి, 48 గంటల తర్వాత పదింతల నీళ్ళతో పలచన చేసి మొదళ్ళకు పోయాలి. వారం దాటితే పారేయండి.

ఆకుల రసం పీల్చే పేనుబంకకు, పిండినల్లికి వేపనూనె. లీటరు నీళ్ళకు 5 మిల్లీలీటర్లు. ముందు నూనెలో అర చెంచా ద్రవ సబ్బు వేసి తెల్లగా అయ్యేదాకా గిలకొట్టి, ఆ తర్వాత నీళ్ళు పోయాలి. నేరుగా నీళ్ళలో వేస్తే నూనె పైన తేలి, ఒకచోట పడి ఆకు మాడుతుంది. సాయంత్రం ఆరు దాటాక, ఆకుల అడుగున కొట్టాలి, పూల మీద పడనీయకూడదు. పిండినల్లి మళ్ళీ మళ్ళీ వస్తుంటే చీమల దారి వెతకండి, మోసుకొచ్చేవి అవే. కాకర పిందెలకు కాగితం గొట్టం తొడిగితే పండు ఈగ బెడద ఉండదు.

మందు మొక్కలు

తులసి, వామాకు, పుదీనా, కలబంద, నిమ్మగడ్డి ఒక్కో సంచి చాలు. పసుపు, అల్లం మే చివర్లో 15 అంగుళాల సంచికి మూడు ముక్కలు పెడితే సంక్రాంతి దాటాక, ఆకులు ఎండినప్పుడు తవ్వుకోవచ్చు. వామాకు, కలబంద చచ్చేది ఎక్కువ నీళ్ళతోనే.

జలుబు, గొంతు గరగరకు నాలుగు వామాకులు, చిటికెడు పసుపు, రెండు మిరియాలు గ్లాసున్నర నీళ్ళలో వేసి గ్లాసు అయ్యేదాకా మరగబెట్టి గోరువెచ్చగా తాగొచ్చు. ఉపశమనం ఇస్తుంది, జలుబును పోగొట్టదు. కలబంద మట్ట కోయగానే పది పదిహేను నిమిషాలు నిలబెట్టి పసుపు జిగురు కారనివ్వాలి, దురద, కడుపునొప్పి దానితోనే. లోపలి గుజ్జు ఎండకు కమిలిన చర్మానికి బాగుంటుంది. నూనె చిందితే మాత్రం ముందు ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టాలి, గుజ్జు ఆ తర్వాత. బొబ్బ అరచేయంత ఉంటే ఆస్పత్రే.

తిప్పతీగను రోజూ కషాయంగా తాగే అలవాటు మంచిది కాదు. 2021లో ముంబై వైద్యులు అలా తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను బయటపెట్టారు. ఆయుష్ శాఖ ఆ మాట ఒప్పుకోలేదు. అయినా షుగరు మందులు వాడేవాళ్ళు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు. వానాకాలం జ్వరానికి బొప్పాయి ఆకు రసం తాగిస్తూ రోజులు గడపడం అంతకంటే ప్రమాదం. అది డెంగీయేమో, రెండో రోజుకే రక్తపరీక్ష చేయించండి. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వద్దు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.

తేనెపెట్టె

తేనెటీగలు వస్తే కాపు పెరుగుతుందనే మాట సగమే నిజం. దోస, గుమ్మడి, కాకర పూలు పొద్దున పూస్తాయి, వాటికి తేనెటీగ పనికొస్తుంది. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. అప్పటికి ఈగలు పెట్టెలో ఉంటాయి. ఏడు గంటలప్పుడు మగపువ్వు తెంపి, రెక్కలు తీసి, పిందె ఉన్న ఆడపువ్వుకు మీరే రాయాలి. టమాటా, వంగ పుప్పొడి రాలాలంటే పువ్వు పట్టుకుని ఝుమ్మని రెక్కలు అదిరించాలి, ఆ పని నల్ల తుమ్మెద చేస్తుంది, తేనెటీగకు చేతకాదు. ఓ మూల ఎండు వెదురు బొంగులు కట్టి పెట్టండి, తుమ్మెదలు కాపురం పెడతాయి.

ఇంటికి సరిపోయేది మన పుట్ట తేనెటీగ. అపార్టుమెంటు ట్యాంకులకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగ పెట్టెలో ఇమడదు, దాన్ని పొగబెట్టి కాల్చకుండా వదిలేస్తే కాలం మారాక అదే వెళ్ళిపోతుంది. కొనేటప్పుడు ఈగలు కప్పిన చట్రాలు (పట్టు కట్టే చెక్క ఫ్రేములు) నాలుగైదు ఉన్నాయా, రాణి ఉందా చూడాలి. రాణి కంటపడకపోయినా ఫరవాలేదు. చట్రాన్ని ఎండకు వాల్చి పట్టులోని చిన్న గదుల అడుగుకు చూడండి, బియ్యపు నూకలా తెల్లటి గుడ్డు నిటారుగా నిలబడి ఉంటే రాణి ఈ రెండు మూడు రోజుల్లో అక్కడ తిరిగినట్టే. కొనకముందు శిక్షణ తీసుకోండి, రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థలాంటి చోట్ల ఇస్తుంటారు. ఒక్కసారైనా వేరేవాళ్ళ పెట్టె తెరిచి చూడకుండా సొంతది కొనొద్దు.

పెట్టె ముఖం తూర్పుకు, మధ్యాహ్నం నీడ పడేచోట. ముందు ఆరడుగుల వల కడితే ఈగలు పైకి లేచి ఎగురుతాయి, పక్కింటివాళ్ళ బట్టల మీదుగా పోవు. పక్కింటివాళ్ళతో ముందే మాట్లాడండి, ఎవరికైనా కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లొచ్చే తత్వం ఉంటే పెట్టె ఆలోచనే మానుకోండి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టకపోతే చీమలు ఒక్క రాత్రిలో పెట్టె ఖాళీ చేయిస్తాయి. ఆ గిన్నెల్లో నాలుగు చుక్కల నూనె వేయండి, లేకపోతే దోమలు పుడతాయి. వీధిలో దోమల పొగ కొట్టే సాయంత్రం ద్వారానికి సన్నని ఇనుప జాలీ బిగించి, పొగ తేలిపోయాక తీసేయాలి.

పది రోజులకొకసారి తెరిస్తే చాలు. కొబ్బరిపీచు, పిడక ముక్క పొగ రెండు దమ్ములు. రోజూ తెరిచి చూసేవాళ్ళ పెట్టెలోంచి ఈగలు లేచిపోతాయి, మన ఈగకు ఆ అలక ఎక్కువ. ఖాళీ చట్రాల్లో సాలెగూడులాంటి దారాలు కనబడితే మైనపు పురుగు పడింది, ఆ పట్టు కోసి తీసేసి, ఈగలు కప్పని చట్రాలు బయట పెట్టండి. వానాకాలంలో పూలు తగ్గుతాయి, అప్పుడు కిలో చక్కెర లీటరు వేడినీళ్ళలో కరిగించి, చల్లార్చి, వారానికి పావు లీటరు పెట్టె లోపలే, సాయంత్రం పెట్టాలి. ఈగలు మునగకుండా పుల్లలు వేయండి. బెల్లం పెడితే వాటికి విరేచనాలు పట్టుకుంటాయి.

మన దగ్గర వేప, కానుగ పూసే మార్చి, ఏప్రిల్‌లో పెట్టెలో తేనె దాచుకునే పై గది నిండుతుంది. పట్టులో ముప్పావు వంతు మైనపు మూత పడ్డాకే తీయాలి. ముందే తీస్తే నీరు ఎక్కువుండి, సీసా మూత తీయగానే పులిసిన వాసన వస్తుంది. గ్లాసు నీళ్ళలో వేసి స్వచ్ఛత తేల్చే పరీక్షను నమ్మొద్దు, చిక్కటి పాకం కూడా అలాగే అడుగుకు దిగుతుంది. దగ్గుకు పడుకునేముందు ఒక చెంచా తేనె మంచిదే, కానీ ఏడాది నిండని పిల్లలకు నాకించనే కూడదు. కింది గది తేనె ముట్టుకోకండి, మే నెలంతా ఈగలు బతికేది దానిమీదే.