ఇంట్లో పిల్లలతో బైబిలు ఉపమానం ఆడించడం ఎలా?

నేను సండే స్కూలులో పాఠం చెప్పడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇంట్లో మా ముగ్గురు పిల్లలతో శనివారం సాయంత్రం ఏదో ఒక ఉపమానం, అంటే యేసు పోలికగా చెప్పిన కథ, నాటకంలా ఆడిస్తూ వచ్చాను. పెద్దవాడు కాలేజీకి వెళ్లిపోయాడు, చిన్నదానితో ఇంకా ఆడుతూనే ఉన్నాం. ఈ మధ్య చాలా కుటుంబాలు ఇదే పని మొదలుపెట్టడం చూస్తున్నాను, సంతోషమే. కానీ చాలా ఇళ్లలో ఆట బాగా సాగి, చివరి ఐదు నిమిషాల్లో పాడైపోతోంది. మరుసటి వారం పిల్లలు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకుంటారు. మా పిల్లలకు బైబిలంటే ఆసక్తి లేదండీ అని తల్లిదండ్రులు నా దగ్గర బాధపడతారు. పిల్లలకు ఆసక్తి ఉంది. వాళ్లు తప్పించుకుంటున్నది ఆ చివరి ఐదు నిమిషాల నుంచి. అందుకే నేను ఎక్కువగా దాని గురించే చెబుతాను. మిగతాది ఎవరైనా చేయగలరు.

ఏమేం కావాలి

బైబిలు, రెండు దుప్పట్లు, ఒక తువ్వాలు, ఒక కుర్చీ. తప్పిపోయిన కుమారుడి కథకైతే ఒక ఉంగరం, ఒక జత చెప్పులు కూడా. వేషాలు కుట్టించొద్దు, గడ్డాలు అంటించొద్దు. వేషం ఎక్కువైన కొద్దీ పిల్లల ధ్యాస దాని మీదికే పోతుంది. ఫోన్లు వేరే గదిలో పెట్టేయండి, వీడియో తీయడానికి కూడా వద్దు. తీస్తున్నారని తెలిసిన క్షణం నుంచి పిల్లవాడు కెమెరా కోసం నటిస్తాడు. బొమ్మల బైబిలు పక్కన పెట్టి, కుటుంబ ప్రార్థనలో పెద్దవాళ్లు తెరిచే బైబిలే తీయండి. ఈ కథ అందులోనే ఉందని పిల్లలు కళ్లారా చూడాలి.

అరగంట చాలు. శనివారమే పెట్టుకోండి. ఆదివారం పిల్లలు అప్పటికే పాస్టర్ గారి ప్రసంగం, సండే స్కూలు పాఠం రెండూ విని ఉంటారు. మూడోది వాళ్లకు ఎక్కదు.

ఏ కథ

లూకా సువార్త 15వ అధ్యాయంతో మొదలుపెట్టండి. వేరే దేనితోనూ వద్దు. ఆ ఒక్క అధ్యాయంలో మూడు కథలున్నాయి, మూడు వయసులకూ సరిపోతాయి. మూడు నాలుగేళ్ల పిల్లలకు తప్పిపోయిన గొర్రె: ఒకరు దాక్కుంటే కాపరి వెతికి ఎత్తుకుని తెస్తాడు. ఐదారేళ్ల వాళ్లకు పోయిన నాణెం. కథలో ఆమె దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి వెతుకుతుంది కదా, మీరూ గదిలో లైట్లు ఆర్పి టార్చి, చీపురు పిల్లల చేతికి ఇవ్వండి. ఏడేళ్లు దాటాక తప్పిపోయిన కుమారుడు: ఆస్తిలో తన వంతు తీసుకుని వెళ్లి అంతా పోగొట్టుకున్న చిన్న కొడుకు తిరిగి వస్తే తండ్రి విందు చేస్తాడు, ఇంట్లోనే ఉన్న పెద్ద కొడుకు కోపగించుకుంటాడు. కింద చెప్పేదంతా ఈ మూడో కథ గురించే.

చదవడం, పాత్రలు పంచడం

11 నుంచి 32వ వచనం వరకు ఒక్కసారి బిగ్గరగా చదవండి. అర్థం కాని పాత మాట వస్తే అర్థం చెప్పి ముందుకు సాగండి. వివరణ వద్దు.

తండ్రి పాత్ర పిల్లలకే ఇవ్వాలి. ఇల్లు విడిచిపోయిన చిన్న కొడుకుగా అమ్మ గాని నాన్న గాని ఉండాలి. దీనికి నా దగ్గర మినహాయింపు లేదు. తప్పు చేసినవాడి పాత్ర ప్రతిసారీ పిల్లలకే ఇచ్చి, క్షమించే పాత్ర మనమే ఉంచుకుంటే, ఇంట్లో రోజూ జరిగేదే ఇంకోసారి జరిపినట్టు అవుతుంది. ఈ వారం ఎక్కువ తిట్లు తిన్న పిల్లవాడిని తండ్రిగా కుర్చీలో కూర్చోబెట్టండి. తలదించుకుని వస్తున్న నాన్నను చూసి వాడు పరుగెత్తుకొచ్చి వాటేసుకోవాలి. క్షమించడమంటే ఎలా ఉంటుందో వాడి ఒంటికే తెలుస్తుంది. మాటలతో అది చెప్పలేం.

పదేళ్లు దాటినవాళ్లు నటించడానికి సిగ్గుపడితే బలవంతం చేయకుండా వచనాలు చదివే పని ఇవ్వండి.

ఆడడం

గదికి ఆ చివర చిన్న కొడుకు, ఈ చివర తండ్రి. ఆస్తి పంచుకోవడం, దూరదేశం వెళ్లడం, పందులు మేపడం పిల్లలకు నచ్చినట్టు ఆడనివ్వండి. వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. రెండు చోట్ల మాత్రం జాగ్రత్తగా ఉండండి.

ఒకటి పరుగు. కొడుకు ఇంకా దూరంగా ఉండగానే తండ్రి చూసి పరుగెత్తాడని ఉంది. కాబట్టి తండ్రి కుర్చీలోంచి లేచి నిజంగానే పరుగెత్తాలి. కొడుకు దారిలో ఒక మాట సిద్ధం చేసుకుంటాడు: నీ కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో అని. తీరా తండ్రి ఎదుట నిలబడ్డాక ఆ కూలి మాట అతని నోటి నుంచి రానేలేదు. తండ్రి అప్పటికే బట్టలు, ఉంగరం, చెప్పులు తెమ్మని పనివాళ్లకు చెబుతున్నాడు. 19వ వచనాన్ని, 21, 22 వచనాలను పక్కపక్కన చూడమని పిల్లలకు చెబితే ఈ తేడా వాళ్లే కనిపెడతారు. మా ఇంట్లో కనిపెట్టింది మా రెండోవాడు, వాడికప్పుడు ఎనిమిదేళ్లు.

రెండు, పెద్ద కొడుకు. చాలామంది విందు దగ్గరే ఆపేస్తారు, సగం కథ అక్కడే పోతుంది. పాపులతో కలిసి తింటున్నాడని ఆనాటి మతపెద్దలైన పరిసయ్యులు, శాస్త్రులు సణిగినప్పుడు యేసు ఈ కథ చెప్పాడు. అంటే కోపంతో బయట నిలబడ్డ పెద్ద కొడుకు కోసమే కథ ఇంత దూరం వచ్చింది. ఇంట్లో పెద్ద పిల్లలకు ఈ బాధ బాగా తెలుసు. "నేను బుద్ధిగా ఉన్నా నన్నెవరూ పట్టించుకోరు" అనేది వాళ్ల రోజువారీ మాట. పెద్ద పిల్లవాడిని తలుపు బయట నిలబెట్టండి. తండ్రి అతని కోసం కూడా బయటికి వస్తాడు, లోపలికి రమ్మని బతిమాలతాడు. కథ అక్కడితో ఆగిపోతుంది. పెద్ద కొడుకు లోపలికి వెళ్లాడో లేదో రాయలేదు. మీరూ అక్కడే ఆపండి. లోపలికి తీసుకెళ్లి చేతులు కలిపించొద్దు.

ఆట అయిపోయాక

అందరూ నేల మీద కూర్చుంటారు, పిల్లలు ఇంకా రొప్పుతుంటారు. ఎక్కువమంది పాడుచేసుకునేది ఇక్కడే.

"మరి ఈ కథలో మనం ఏం నేర్చుకున్నాం?" అని అడగొద్దు. మీకు ఏ జవాబు కావాలో పిల్లలకు ముందే తెలుసు. "అందరినీ క్షమించాలి" అని ఏకరువు పెట్టేస్తారు. మీరు తృప్తిపడతారు, వాళ్లు లేచి వెళ్లి రెండు నిమిషాల్లో కొట్టుకుంటారు. దానికి బదులు వాళ్లు ఆడిన పాత్ర గురించి ఒక్క ప్రశ్న అడగండి. "తలుపు బయట నిలబడ్డప్పుడు ఎలా అనిపించింది?" లేదా "పరుగెత్తుకొచ్చేటప్పుడు మనసులో ఏముంది?" ఒకే ప్రశ్న.

అడిగాక నోరు మూసుకుని కూర్చోవాలి. అన్నిటికంటే కష్టమైన పని ఇదే. మనసులో నెమ్మదిగా ఇరవై వరకు లెక్కపెట్టండి. ఏడు దగ్గరికి రాగానే మనకు టెన్షన్ మొదలవుతుంది, వాళ్ల తరఫున మనమే జవాబు అందిస్తాం. అందించొద్దు. పదమూడు, పద్నాలుగు దగ్గర ఎవరో ఒకరు మాట్లాడతారు. ఎవరూ మాట్లాడకపోతే ఆ వారానికి అంతే. ప్రార్థన చేసుకుని లేవండి.

పిల్లవాడు "నేనైతే తమ్ముణ్ణి లోపలికి రానివ్వను" అంటే కంగారుపడకండి, సరిదిద్దకండి. వాడు నిజం చెప్పాడు. కథలో అన్నయ్య అన్నది కూడా దాదాపు అదే, తండ్రి అతన్ని తిట్టలేదు. "ఎందుకని?" అని మాత్రం అడిగి వినండి. మీరు ఆ రోజు వాడిని మందలిస్తే ఇకపై వాడు నిజం చెప్పడు, మీకు నచ్చే జవాబు చెబుతాడు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. ఆ వారం పిల్లవాడు చేసిన తప్పును కథతో ముడిపెట్టొద్దు. "చూశావా, నువ్వూ మొన్న అలాగే చేశావు కదా?" అన్న మాట మీ నోట రానే కూడదు. నేను అన్నాను. మా పెద్దవాడికి ఏడేళ్లు, స్నేహితుడి పెన్ను తెచ్చుకుని తనదేనని అబద్ధం చెప్పాడు. ఆ శనివారం కావాలనే ఈ కథ తీశాను, ఆట అయ్యాక అందరి ముందూ పెన్ను సంగతి ఎత్తాను. వాడు ఏడవలేదు, ఏమీ అనలేదు. ఆ తర్వాత నాలుగు నెలలు ఆటలోకి రాలేదు, గోడకు ఆనుకుని కూర్చుని చూసేవాడు. వాడి దృష్టిలో మేము ఇన్నాళ్లూ ఆడింది ఆట కాదు, వాడిని పట్టుకోవడానికి వేసిన వల. తప్పు గురించి మాట్లాడాల్సి వస్తే తప్పు జరిగిన రోజే, ఒంటరిగా, కథ లేకుండా మాట్లాడాలి.

దావీదు రాజుకు నాతాను ప్రవక్త అలాగే కథ చెప్పి తప్పు ఎత్తి చూపాడు కదా అని ఒకసారి ఒక తండ్రి నాతో వాదించారు. పేదవాడి ఒక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ నాతాను చెప్పి, ఆ మనుష్యుడివి నువ్వే అన్నమాట నిజమే. కానీ అక్కడ ఉన్నది ఊరియాను చంపించి అతని భార్యను తెచ్చుకున్న రాజు, నాతానును పంపింది దేవుడు. పెన్ను దాచిన ఏడేళ్ల పిల్లవాడి దగ్గర మనం నాతాను కాలేం. నాకైతే మంచి సమరయుడి కథ ముగిసిన తీరే దారి చూపించింది. నా పొరుగువాడు ఎవరని ఒక ధర్మశాస్త్ర ఉపదేశకుడు అడిగితే యేసు చెప్పిన కథ అది: దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి ఇద్దరు పక్కనుంచి వెళ్లిపోతారు, మూడోవాడైన సమరయుడు ఆగి సాయం చేస్తాడు. కథ చెప్పి, ఆ ముగ్గురిలో దొంగల చేతికి చిక్కినవాడికి పొరుగువాడు ఎవరు అని యేసు అడిగాడు. జవాబు ఆ ధర్మశాస్త్ర ఉపదేశకుడి నోటి నుంచే వచ్చింది. పెద్ద చదువు చదివిన మనిషికే సొంతంగా చెప్పుకునే అవకాశం ఇచ్చినప్పుడు మన పిల్లలకు ఇవ్వలేమా?

పిల్లల తప్పు ఎత్తకూడదు కానీ మీ తప్పు మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోవాలి కూడా. అది ఆ వారంలో నిజంగా జరిగినదై ఉండాలి, పిల్లలకు తెలిసినదై ఉండాలి. "మంగళవారం ఆఫీసు కోపం నీ మీద చూపించాను, తప్పు నాది, నన్ను క్షమించమ్మా." ఇంతే. "కానీ నువ్వు కూడా" అని చేర్చిన క్షణంలో అది క్షమాపణ కాకుండా పోతుంది. వెంటనే క్షమించానని చెప్పమని ఒత్తిడి చేయొద్దు. మా అమ్మాయి ఒకసారి "ఇంకా లేదు" అంది. సరే అన్నాను. మర్నాడు పొద్దున తనే వచ్చి చెప్పింది.

అన్నదమ్ముల మధ్య కూడా అంతే, బలవంతంగా కౌగిలింతలు పెట్టించొద్దు. మామూలు రోజుల్లో "మొన్న ఆడిన కథ మర్చిపోయావా?" అని దెప్పడం కూడా మానేయండి. కథను కర్రలా వాడితే పిల్లలు కథకే భయపడతారు.

స్టార్ల చార్టు గురించి

గోడకు చార్టు అంటించి, వాక్యం కంఠతా చెబితే ఒక స్టారు, తమ్ముడికి బొమ్మ ఇస్తే ఒక స్టారు పెట్టే పద్ధతి చాలా ఇళ్లలో ఉంది. నేనూ రెండేళ్లు చేశాను, మానేశాను. కంఠత వాక్యాలు మంచివే, అవి లేకుండా పిల్లలను పెంచమని నేను చెప్పను. కానీ స్టారు కోసం బొమ్మ ఇచ్చిన పిల్లవాడు స్టారు లేని రోజు ఇవ్వడు, నేను చూశాను. గలతీయులకు రాసిన పత్రికలో ప్రేమ, సంతోషం, సమాధానం మొదలైన తొమ్మిదింటిని పౌలు ఆత్మ ఫలం అన్నాడు. కాయ పండడానికి సమయం ఇవ్వాలి. ఒకే కథను నాలుగు వారాలు పాత్రలు మార్చి ఆడితే వచనాలు వాటంతటవే నోటికి వస్తాయి.

తర్వాత ఏం ఆడాలి

లూకా 17లో యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగులు: తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే. ఆడాక ఇంట్లో ఇంతవరకు ఎవరూ థాంక్స్ చెప్పని మనిషికి తలా ఒక చీటీ రాయండి. యేసు శిష్యుల పాదాలు కడిగిన యోహాను 13కి ఒక గిన్నెలో నీళ్లు, ఆ తువ్వాలు చాలు, పిల్లల పాదాలు పెద్దవాళ్లు కడగాలి. అప్పుడు ఒక్క మాట కూడా మాట్లాడొద్దు. మత్తయి 6లో ధర్మం చేసేటప్పుడు కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాటకు ఒక వారమంతా రహస్యంగా ఒకరికొకరు సాయం చేసుకోండి. ఎవరు చేశారో వారం చివర కూడా చెప్పుకోకూడదు. చెప్పుకుంటే ఆటే పోయినట్టు. యేసును చూడడానికి చెట్టెక్కిన జక్కయ్య కథకు మేడిచెట్టుగా కుర్చీ సరిపోతుంది, ఎక్కేవాడి వెనక ఒక పెద్ద మనిషి నిలబడాలి.

ప్రతిసారీ ముగింపు ప్రార్థన చిన్నపిల్లలతో చేయించండి, రెండు వాక్యాలైనా చాలు. అందులో వాళ్లు ఏమి అడిగినా మధ్యలో అందుకోకండి, తర్వాత సరిచేయకండి. ఆమెన్ అనేసి దుప్పట్లు మడతపెట్టండి.