షేర్లలో తొలి అడుగులు – 4వ పాఠం: యాప్ చూసే ముందు లాకర్ చూడండి

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? నెలకు ఎంత పెట్టగలరు, ఎన్నేళ్లు కదపకుండా ఉంచగలరు, ఏడాదిలో ఎన్నిసార్లు కొని అమ్ముతారు అన్న మూడు సంగతులూ ఒక కాగితం మీద రాయమన్నాను. రాయనివాళ్లు ఇక్కడ ఆగి, అది రాసుకుని రండి. బ్రోకర్‌ను ఎంచుకోవడం గురించిన ఈ పాఠమంతా ఆ కాగితం చుట్టూనే తిరుగుతుంది.

మాదాపూర్‌లో మా ఆఫీసు కింద టీ కొట్టు దగ్గర వారానికి ఒకరైనా అడుగుతారు, "అన్నా, ఏ యాప్ మంచిగుంటది?" అని. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "నువ్వు కొన్న షేర్లు ఎక్కడుంటయి తమ్మీ?" "యాప్‌లనే గదా!" అంటారు. సరిగ్గా ఇక్కడే మొదలుపెట్టాలి.

షేర్లు యాప్‌లో ఉండవు. డిపాజిటరీలో ఉంటాయి. దేశం మొత్తానికి అవి రెండే: 1996లో వచ్చిన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో వచ్చిన సీడీఎస్‌ఎల్. లాకర్ వాళ్లది, అందులో సరుకు మీది. యాప్ నడిపే బ్రోకర్ మాత్రం కౌంటర్‌లో కూర్చుని మీ చీటీ లోపలికి పంపే మనిషి. ఆ లాకర్‌లో మీ ఖాతానే డీమ్యాట్ అంటారు. దాని నంబర్‌లో 16 గుర్తులు ఉంటాయి. మొదట్లో ఐఎన్ అని ఉంటే ఎన్‌ఎస్‌డీఎల్, అన్నీ అంకెలే అయితే సీడీఎస్‌ఎల్. రెండింట్లో ఏదైనా ఫరవాలేదు.

మరి కౌంటర్‌లో మనిషే లాకర్ తాళంతో ఆటలాడితే? హైదరాబాద్ వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మన ఊరు కేంద్రంగా పెరిగిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని 2019 నవంబర్‌లో షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ సెబీ ఉత్తర్వు ఇచ్చింది. కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దంది. ఆ వారం మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో వేరే మాట వినబడలేదు. ఖాతా తెరిచేటప్పుడు చూడకుండా సంతకం పెట్టేసిన పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున షేర్లు కదిపే అధికారం) కాగితమే అక్కడ తాళంచెవి అయింది.

ఆ దెబ్బతో నిబంధనలు మారాయి. 2020 సెప్టెంబర్ నుంచి మార్జిన్ (ట్రేడింగ్‌కు చూపాల్సిన హామీ) కోసం షేర్లు చూపించాలన్నా అవి మీ డీమ్యాట్‌లోనే ఉండి, మీ ఓటీపీతోనే ప్లెడ్జ్ (తాకట్టు) కావాలి. 2022 నవంబర్ నుంచి కొత్త ఖాతాలకు పవర్ ఆఫ్ అటార్నీ బదులు డీడీపీఐ అనే పరిమితమైన అనుమతి పత్రం వచ్చింది. అది ఇవ్వడం తప్పనిసరి కాదు. ఇవ్వకపోతే షేర్లు అమ్మినప్పుడల్లా పిన్, ఓటీపీ కొట్టాలి. నేను ఇవ్వలేదు. ఏడాదికి నాలుగైదుసార్లు అమ్మేవాడికి ఆ అర నిమిషం పెద్ద బరువేమీ కాదు.

కాబట్టి మొదటి వడపోత ఇది: సెబీ వెబ్‌సైట్‌లో బ్రోకర్ రిజిస్ట్రేషన్ నంబర్ వెతకండి, ఐఎన్‌జెడ్‌తో మొదలవుతుంది. యాప్ పేరు ఒకటి, వెనక కంపెనీ పేరు మరొకటి ఉండొచ్చు. మీరు వెతకాల్సింది కంపెనీ పేరు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన లింకు నుంచి యాప్ ఎక్కించుకున్నారంటే ఈ పాఠం కూడా మిమ్మల్ని కాపాడలేదు. డబ్బు పంపేముందు యూపీఐ ఐడీ చూడండి. 2025 అక్టోబర్ నుంచి రిజిస్టరైన బ్రోకర్లకు 'వ్యాలిడ్' అన్న మాటతో ప్రత్యేక ఐడీలు ఇస్తున్నారు. వ్యక్తి పేరు మీద ఉన్న ఖాతాకు వేయమన్నారా, అక్కడే ఫోన్ పెట్టేయండి. అప్పటికే వేసేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇక చార్జీలు. 'జీరో బ్రోకరేజీ' అన్న బోర్డు చూసి ఉచితమనుకోకండి. డెలివరీలో, అంటే అదే రోజు అమ్మేయకుండా మీ ఖాతాలోకి తెచ్చుకునేలా, పది వేల రూపాయల షేర్లు కొంటే ఎస్‌టీటీ (షేర్ల లావాదేవీ మీద పన్ను) 0.1 శాతం, అంటే రూ.10. స్టాంప్ డ్యూటీ 0.015 శాతం, రూపాయిన్నర. ఎక్స్ఛేంజ్ చార్జీ, జీఎస్టీ కలిపినా కొద్ది పైసలే. మొత్తం రూ.12 లోపు. ఇవి ఏ యాప్‌లోనైనా ఒకటే, కాబట్టి పోల్చడానికి పనికిరావు.

పోల్చాల్సింది డీపీ చార్జీని, అంటే మీ లాకర్‌లోంచి షేర్లు బయటికి తీసినందుకు వేసే రుసుమును. అమ్మేటప్పుడు పడుతుంది. ఎన్ని షేర్లు అమ్మారన్నది దానికి పట్టదు. ఒక కంపెనీకి, ఒక రోజుకు, ఒకసారి. ఇది తెలియక నేను ఒకే కంపెనీ షేర్లు నలభై ఉంటే రోజుకు పది చొప్పున నాలుగు రోజులు అమ్మాను. తెలివైన పని చేశాననుకున్నాను. నాలుగుసార్లు కోశారు. ఆ చార్జీ ఒక్కోసారి సుమారు రూ.15 అనుకుందాం. రెండేసి వేల విలువైన ఐదు కంపెనీల షేర్లు ఒకేరోజు అమ్మితే రూ.75, అంటే పది వేలకు ముప్పావు శాతం. చిన్న మొత్తాలతో పది కంపెనీలు కొనే అలవాటున్నవాళ్లు ఈ అంకె చూడకుండా ఖాతా తెరవకూడదు.

ఏడాది నిర్వహణ చార్జీ సంగతి. మీ పేరున దేశంలో ఒకే ఒక్క డీమ్యాట్ ఉండి, అందులో విలువ 4 లక్షల లోపైతే బేసిక్ సర్వీసెస్ ఖాతా కింద ఆ చార్జీ ఉండదు. 4 నుంచి 10 లక్షల దాకా రూ.100. పండగ ఆఫర్లకు మూడు యాప్‌లలో మూడు ఖాతాలు తెరిచినవాళ్లకు ఈ వెసులుబాటు పోతుంది.

రోజూ ట్రేడ్ చేస్తానని కాగితం మీద రాశారా? అయితే మీ లెక్క వేరు. చాలా డిస్కౌంట్ (తక్కువ రుసుము) బ్రోకర్లు ఆప్షన్స్‌లో, అంటే షేర్ల ధర మీద ఒప్పందాలు కొని అమ్మే వ్యాపారంలో, ఆర్డర్‌కు రూ.20 తీసుకుంటారు. రోజుకు పదిసార్లు కొని అమ్మితే, అంటే ఇరవై ఆర్డర్లకు, జీఎస్టీతో రూ.472. నెలలో ఇరవై రోజులకు రూ.9,440. లాభమొచ్చినా నష్టమొచ్చినా ఇది కట్టాల్సిందే, మిగతా పన్నులు దీనికి అదనం. 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల లెక్కలు చూసి, ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీయే చెప్పింది. ఖాతా ఫారంలో ఎఫ్ అండ్ ఓ దగ్గర ముందే టిక్ ఉంటే తీసేయండి.

చవకైనదే అందరికీ మంచిదని మాత్రం అనను. మా మామయ్య బ్యాంకుతో ముడిపడిన త్రీ ఇన్ వన్ (బ్యాంకు, ట్రేడింగ్, డీమ్యాట్ మూడూ ఒకచోటే) ఖాతాలో ఉంటారు. శాతం లెక్కన బ్రోకరేజీ కడతారు. హిమాయత్‌నగర్ బ్రాంచికి వెళ్లి, కుర్చీలో కూర్చుని, నామినీ పేరు సరిగ్గా పడిందో లేదో కళ్లతో చూసుకుని వస్తారు. సోమాజిగూడలో మనకే ఒక స్టాక్ ఎక్స్ఛేంజ్ ఉన్న రోజులు చూసిన మనిషి. 1943లో పుట్టిన అది 2007లో గుర్తింపు పోగొట్టుకుంది. ఆయన కట్టే అదనపు రూపాయలు ఆ కుర్చీకి అద్దె. ఏడాదికి రెండు లావాదేవీలు చేసే మనిషికి అది ఎక్కువేం కాదు.

స్క్రీన్ రంగులు, చార్టుల హంగులు నేను పట్టించుకోను. ఒక్కటి పరీక్షిస్తాను: ఉదయం 9.15కి మార్కెట్ తెరుచుకోగానే యాప్ తెరుస్తుందా, అది మొరాయిస్తే ఫోన్‌లో ఆర్డర్ తీసుకునే నంబర్ ఉందా? ఉంటే ఒకసారి చేసి చూడండి, ఎంతసేపటికి మనిషి గొంతు వినిపిస్తుందో.

ఈ వారం పని: ముగ్గురు బ్రోకర్లను ఎంచుకుని, మూడు నిలువు వరసలు గీయండి. రిజిస్ట్రేషన్ నంబర్, డీపీ చార్జీ, నిర్వహణ చార్జీ, ఫోన్ ఎత్తడానికి పట్టిన నిమిషాలు నింపండి. తర్వాత మీ పాత కాగితంలోని అలవాటు ప్రకారం ఒక ఏడాదికి ఎంతవుతుందో కూడండి. ఖాతా ఇప్పుడే తెరవకండి. 5వ పాఠంలో దరఖాస్తు ఫారం పక్కన పెట్టుకుని, ఏ గడిలో ఏం రాయాలో, ఏది ఖాళీ వదలాలో చూద్దాం.