ఆసుపత్రిలో మనవాళ్లను సరిగ్గా చూడటం లేదనిపిస్తే ఎలా అడగాలి?

మా నాయన తుంటి ఎముక విరిగి తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు, మూడో రోజు దుప్పటి మారుస్తుంటే, ఒకే వైపు పడుకుని ఉండటంతో నడుము కింద చర్మం ఎర్రగా కంది కనబడింది. మా చిన్నాయన నర్సమ్మ మీద గొంతు చించుకున్నాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. నాయనను మాత్రం ఎవరూ పక్కకు తిప్పలేదు. ఆ దెబ్బతో నేర్చుకున్న పద్ధతి ఇది.

1. ముందు ఒక నోటు పుస్తకం కొనండి. తారీఖు, టైము, ఏ మందు ఇచ్చారు, ఏ డాక్టరు వచ్చారు, ఏమన్నారు, ఎంత తిన్నారు, మూత్రం ఎంత వచ్చింది, అన్నీ రాయండి. ఇంట్లో వాడే బీపీ, షుగర్ మాత్రల అట్టలు ఒక కవర్లో పెట్టుకోండి. పడని మందు ఏదైనా ఉంటే మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాయండి. డ్యూటీ మారేటప్పుడు నర్సులు ఒకరికొకరు చెప్పుకున్నా కొన్ని విషయాలు జారిపోతాయి. మీ పుస్తకంలో అవి ఉంటాయి.

2. ఇంటి తరఫున ఒక్కరే మాట్లాడాలి. పలమనేరు నుంచి మేనత్త ఒకటి, బెంగళూరు నుంచి ఫోన్లో బావ ఒకటి అడిగితే డాక్టరు ఎవరికీ సరిగ్గా చెప్పరు. మిగతావాళ్లు ఆ ఒక్కరి ఫోన్ కోసం ఆగాల్సిందే. బావకు కోపమొస్తుంది, రానీండి.

3. ఎవరిని అడగాలో తెలుసుకోండి. తిరుపతిలోని రుయా లాంటి సర్కారు బోధనాసుపత్రిలో రోగిని ఒక యూనిట్ కింద, అంటే ఒక పెద్ద డాక్టరు కింద పనిచేసే డాక్టర్ల జట్టు కింద చేర్చుకుంటారు. కేస్ షీట్ మీద ఏ యూనిట్టో, దాని పెద్ద డాక్టరు ఎవరో చూసుకోండి. హౌస్ సర్జన్, పీజీ డాక్టర్లు చదువుకుంటూ పనిచేసేవాళ్లు, పెద్ద నిర్ణయాలు వాళ్ల చేతిలో ఉండవు. పొద్దున రౌండ్స్‌కు పెద్ద డాక్టరు వచ్చినప్పుడు మంచం పక్కనే ఉండండి. టీకి పోయేది ఆ తర్వాత.

4. అసలు కిటుకు అడిగే తీరులో ఉంది. "మా నాయనను ఎవరూ పట్టించుకోవడం లేదు" అంటే జవాబు రాదు, జగడం వస్తుంది. "నిన్న సాయంత్రం ఆరు నుంచి సంచిలోకి మూత్రం రాలేదు, ఎందుకు సార్?" అంటే చూసి తీరాలి. నేను మరుసటి రోజు డాక్టరమ్మను ఇలా అడిగాను: "రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలంటారు కదా మేడం, రాత్రిపూట ఎవరు తిప్పుతారు? ఎలా తిప్పాలో మాకూ నేర్పండి." ఆ డాక్టరమ్మ గాలి పరుపు రాసిచ్చారు. తిప్పడం నేర్పింది చిన్నాయన తిట్టిన ఆ నర్సమ్మే.

ఊపిరి ఆడకపోయినా, పిలిస్తే పలకకపోయినా ఈ మర్యాదలేవీ వద్దు. వెంటనే డ్యూటీ డాక్టరును పిలవండి.

5. సర్కారు ఉచిత వైద్య పథకమైన వైద్య సేవ కార్డు మీద చేరినా డబ్బు అడిగితే, ఆ పథకం తరఫున ఆసుపత్రిలోనే ఉండే ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి దగ్గరికి వెళ్లండి. 104కు ఫోన్ చేసినా ఫిర్యాదు తీసుకుంటారు.

6. అప్పటికీ కదలకపోతే సూపరింటెండెంటుకు తెల్ల కాగితం మీద అర్జీ రాయండి. నోటు పుస్తకంలోని తారీఖులు, టైములు అందులోకి ఎక్కించండి. నకలు మీద సంతకం, ముద్ర వేయించుకోకుండా రావద్దు. సర్కారు ఆసుపత్రి అయితే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోట కూడా ఇవ్వొచ్చు. రికార్డులు కావాలని రాసిస్తే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు.

7. మన చిత్తూరోళ్లకు కోపమొస్తే నోట్లో మొదటి మాట "వేలూరుకు ఎత్తకపోదాం." పోవచ్చు, కానీ ముందు అక్కడి సీఎంసీ పెద్దాసుపత్రిలో మంచం ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. డాక్టరు వద్దన్నా మేమే తీసుకుపోతున్నామని సంతకం పెడితే దారిలో ఏం జరిగినా బాధ్యత మనదే అవుతుంది. కాబట్టి రెఫర్ చేయమని అడిగి, ఉత్తరం, డిశ్చార్జి కాగితాలు, స్కాన్ ఫిల్ములు చేతికొచ్చాకే అంబులెన్స్ ఎక్కించండి. ఎక్స్‌రేలు మంచం కింద ఇనప పెట్టెలో మర్చిపోయి చిత్తూరు దాటాక వెనక్కి తిరిగినవాళ్లు మా వార్డులోనే ఉన్నారు.